బియ్యపు రేకు, దాని పదును

మన మలేషియాలో ఏ పచారీ అంగడికి వెళ్ళినా, మీహూన్ పొట్లాల వరుసకు పక్కన, పలుచని గాజు బిళ్ళల వలె ఒకదానిపై ఒకటి పేర్చి కట్టిన తెల్లని గుండ్రని అట్టలు కనిపిస్తాయి. వేలితో తడితే చప్పుడవుతుంది. వంచబోతే విరిగిపోతాయి. పొట్లం మీద ‘రైస్ పేపర్’ అని ఉంటుంది. వియత్నాం వారు దానిని ‘బాన్ ట్రాంగ్’ అంటారు. దానిని నీటిలో ఒక్కసారి తడిపి, లోపల ఆకులు, కూరముక్కలు, సన్నని బియ్యపు సేమియా పెట్టి చుట్టి, కారం పులుపు కలిసిన పులుసులో అద్దుకొని తింటారు. ఆ వంటకానికి దక్షిణ వియత్నాంలో ‘గోయ్ కువోన్’ అని పేరు. గోయ్ అంటే పచ్చికూరల కలగలుపు, కువోన్ అంటే చుట్టడం. నూనెలో వేయించే స్ప్రింగ్ రోల్ వేరు, ఇది వేరు. చుట్టిన తరువాత దీనికి నిప్పు తగలదు.

తెలుగు వారసత్వానికి కేటాయించిన ఈ పుటలో వియత్నాం వంటకానికి చోటేమిటని కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మా శనివారపు తెలుగు తరగతిలో ఈ వంటకాన్ని పిల్లల చేత చేయించబోతే, మాకు తెలియని ఒక తెలుగు అర్థం మా ఇంట్లో నుండే బయటపడినది. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం. వంట చేసే విధానం కూడా వివరంగానే చెబుతాము, ఎందుకంటే ఆ పని చేయకుండా ఆ మాట అర్థం కాదు.

మేమిద్దరం విశ్రాంత ఉపాధ్యాయులం. ఒకరం విజ్ఞానశాస్త్రం, మరొకరం గణితం బోధించి ముప్పై ఏళ్ళకు పైగా గడిపాము. మా పూర్వీకులు ఒప్పంద కూలీలుగా మలయాకు వచ్చినవారు. ఆ ఒప్పంద పద్ధతి 1910లో రద్దయినది. ఆ తరువాత 1938 వరకు కంగాణీల వెంట మనవారు వస్తూనే ఉన్నారు. మా రెండు కుటుంబాలూ పెరాక్ రాష్ట్రంలోని బాగాన్ దాతుక్ ప్రాంతపు కొబ్బరి తోటలలో బ్రతికినవే. చిన్ననాడే చదువు కోసం మమ్మల్ని పట్టణంలోని హాస్టళ్ళకు పంపినారు. అక్కడ మలయ్, ఆంగ్లం, స్నేహితులతో తమిళం. తెలుగు అక్షరాలు దిద్దినది ఉద్యోగాలలో చేరిన తరువాత, సాయంత్రపు తరగతిలో, పగలంతా మలయ్ భాషలో పాఠం చెప్పి అలసిన గొంతుతో. అందువలన మాకు వచ్చినది పుస్తకపు తెలుగు. సభలో నాలుగు మాటలు మాట్లాడగలము, ఇటువంటి వ్యాసం రాయగలము. చేయి తడిగా ఉన్నప్పుడు, పొయ్యి మీద ఏదో మాడిపోతున్నప్పుడు, తొందరలో నోట వచ్చే తెలుగు మాత్రం మాది కాదు.

అది మా ఇంటి పెద్దావిడది. ఆమె మాలో ఒకరికి తల్లి, ఒకరికి అత్తగారు. తరగతి పిల్లలందరికీ మామ్మ. వయస్సు ఎనభై ఆరు. తోటలోనే పుట్టి, తోటలోనే పనిచేసి, తెలుగు లిపి ఒక్క అక్షరం కూడా నేర్వకుండా, మా ఇద్దరికంటే ఎక్కువ తెలుగు కలిగినది.

ముందు ఆ రేకు సంగతి చూద్దాము. రైస్ పేపర్‌ను మొదట మేము ‘బియ్యపు కాగితం’ అని తరగతి పలక మీద రాసినాము. అది అనువాదమే గాని మాట కాదని మాకే తోచినది. మామ్మ దానిని చేత పట్టి చూసి, వెలుతురుకు ఎత్తి, ‘రేకు’ అన్నది. పువ్వుకు ఉండే రేకు, ఇంటి కప్పు రేకు, ఏదైనా పలుచగా పరచుకున్నది రేకే. ఆనాటి నుండి మేము రేకనే అంటున్నాము.

వియత్నాం పల్లెలలో ఈ రేకును చేసే తీరు వింటే మనకు కొత్తగా అనిపించదు. బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పిండిని పలుచగా కలుపుతారు. మరిగే నీటి పాత్ర మూతికి బట్ట బిగించి కట్టి, దాని మీద గరిటెడు పిండి పోసి, దోసె వలె పలుచగా తిప్పి మూత పెడతారు. కొద్ది క్షణాలలో అది ఆవిరికి ఉడుకుతుంది. సన్నని వెదురు బద్దతో లేపి, వెదురు తడికల మీద పరచి ఎండకు పెడతారు. రేకు మీద మనకు కనిపించే గళ్ళ గుర్తు ఆ తడిక అల్లికదే. ఇప్పుడు చాలావరకు యంత్రాలే చేస్తున్నవి. పిండిలో కర్రపెండలం పిండి కూడా కలుపుతున్నారు, దాని వలన రేకు సాగుతుంది, తొందరగా చిరగదు. ఆ సంగతి పొట్లం వెనుక చదివి వినిపిస్తే మామ్మ మొహం చిట్లించినది. 1941 చివర నుండి 1945 వరకు జపాను వారి ఏలుబడిలో, బియ్యం దొరకక తోటలవారు కర్రపెండలంతోనే కడుపు నింపుకున్నారు. అప్పటికి ఆమె పసిపిల్ల. అయినా ఆ దుంప పేరు వింటే ఆమెకు ఆకలి రోజులే గుర్తు.

పొయ్యి లేకుండా ఇది ఎలా తినడానికి పనికివస్తుందని పిల్లలు అడుగుతారు. మాలో విజ్ఞానశాస్త్రం చెప్పినవారికి ఆ ప్రశ్న పండుగ. పచ్చి బియ్యప్పిండిని నీటిలో కలిపితే అది పచ్చి పిండిగానే ఉంటుంది. ఈ రేకు అలా కాదు. ఒకసారి ఆవిరిలో పూర్తిగా ఉడికి, తరువాత ఎండినది. ఉడికినప్పుడు బియ్యంలోని పిండిపదార్థం నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఎండినప్పుడు ఆ నీరు పోయి గాజు వలె బిరుసెక్కుతుంది. మళ్ళీ నీరు చూపితే మళ్ళీ మెత్తబడుతుంది. ఇంత చెప్పినా తలలు ఊపని పిల్లలకు గుప్పెడు అటుకులు నానబెట్టి చూపినాము. అటుకులు కూడా ఉడికిన వడ్లను దంచి చేసినవే కదా, అందుకే తడిపితే చాలు. బియ్యపు వడియాలు తెలిసిన ఇంటి పిల్లలకు ఇంకా సులువు. ఈ రేకు వేయించని పెద్ద వడియం.

ఇక చేసే విధానం. రేకు అడ్డం ఇరవై రెండు సెంటీమీటర్లు ఉన్నది తీసుకోండి. పదహారు సెంటీమీటర్లవి కూడా అమ్ముతారు గాని వాటిలో కూర పట్టదు, చిన్న వేళ్ళకు అవి మరింత కష్టం. రేకు కంటే వెడల్పైన పళ్ళెంలో చల్లని నీరు పోయండి. గోరువెచ్చని నీరు పోయమని కొందరు చెబుతారు. పెద్దలకు సరే, పిల్లల తరగతికి చల్లని నీరే మంచిది, కొంత వ్యవధి ఇస్తుంది. రేకును నీటిలో ముంచి, రెండు వైపులా తడిసేలా తిప్పి, మూడు నాలుగు క్షణాలలో తీసివేయాలి. తీసినప్పుడు అది ఇంకా కొంచెం బిరుసుగానే ఉండాలి. తడిపిన పలక మీద పరచి, మీరు ఆకులు అమర్చేలోగా, తనకు అంటిన నీటినే పీల్చుకొని మెత్తబడుతుంది. పళ్ళెంలోనే మెత్తబడాలని ఆగితే పని చెడుతుంది. రేకు జిగురై, తనలో తాను ముడుచుకొని, వేళ్ళను వదలదు.

ఇది నోటితో చెబితే ఎవరికీ అర్థం కాదు. మొదటి శనివారం గుడి పక్కనున్న మండపంలో పదకొండు మంది పిల్లలు బల్లల చుట్టూ నిలబడినారు. మామ్మ కుర్చీ ఒక బల్ల చివర వేసినాము. ఎనిమిదేళ్ళ అమ్మాయి ఒకతె రేకును నీటిలో ముంచి, మేము నేర్పిన అంకెలు వల్లిస్తూ, ఒకటి, రెండు, మూడు అని పది వరకు పోదామని చూస్తున్నది. మామ్మ గట్టిగా అరిచినది.

“ఒలే, తీసీయే! పదునొచ్చేసింది. ఇంకా నానితే సిరిగిపోద్ది.”

అమ్మాయి తీసివేసినది. రేకు నిలిచినది. ఆ పక్కన ఉన్న కుర్రవాడు మాత్రం కత్తి ఎక్కడుందని బల్ల మీద వెతికినాడు. వాడి తప్పేమీ లేదు. మా వాచకంలో ‘పదును’ అన్న మాట ఒక్కచోటే వస్తుంది, కత్తి బొమ్మ పక్కన. మేమూ ఆ ఒక్క అర్థాన్నే నేర్చుకున్నాము, ఆ ఒక్క అర్థాన్నే నేర్పుతున్నాము.

ఆ రాత్రి ఇంటికి వచ్చి మామ్మను అడిగినాము. ఆమె మా వంక జాలిగా చూసి, అరిసెల పిండి సంగతి చెప్పినది. బియ్యం నానబెట్టి, వడకట్టి, తడి ఆరకముందే దంచాలి. ఆ పిండిని పిడికిట పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. అది పదును. తడి ఎక్కువైతే పాకంలో జారిపోతుంది, తక్కువైతే అరిసె విరిగిపోతుంది. అంతటితో ఆగలేదు. తన తండ్రి, తన తాత దగ్గర విన్నదిగా, విశాఖ వైపు ఊళ్ళో వాన పడిన మర్నాడు నేల సంగతి చెప్పేవాడట. కాలికి బురద అంటకూడదు, గడ్డ గట్టిగా ఉండకూడదు, అప్పుడు నాగలి దిగాలి. అది నేల పదును. అదనూ పదునూ చూసుకోవాలి అనేవాడట. మా ముందుతరాలవారు ఇక్కడకు వచ్చాక నాగలి పట్టినది లేదు. కొబ్బరి తోటలో దుక్కి లేదు. నేల పదును పోయి, పిండి పదునుగా ఆ మాట ఆడవారి చేతిలో మిగిలినది.

తరువాత నిఘంటువు తీసి చూసినాము. తడి అనే అర్థమూ అక్కడ ఉన్నది. ఇన్నేళ్ళూ ఆ పుస్తకం మా అలమారలోనే ఉన్నది, ఆ మనిషి మా ఇంట్లోనే ఉన్నది. అయినా ఆ మాట మాకు వినబడలేదు. కారణం ఆలోచిస్తే సులువుగానే తోచినది. మా ఇంట్లో అరిసెలు చేసి ఇరవై ఏళ్ళయినది. సంక్రాంతికి అంగడిలో కొని తెస్తాము. బియ్యప్పిండి పొడిగా, పొట్లంలో వస్తుంది, దానికి ఏ పదునూ చూడనక్కరలేదు. పదును చూసే పని ఇంట్లో లేనప్పుడు ఆమె ఆ మాట ఎవరితో అంటుంది, ఎందుకంటుంది? పుస్తకాల తెలుగును కాపాడడానికి మనకు తరగతులున్నవి, పరీక్షలున్నవి, బహుమతులున్నవి. పని తెలుగుకు మాత్రం పనే దిక్కు. ఎవరో పొరుగు దేశపువారు ఎండబెట్టి పంపిన రేకు మా ఇంట్లో మళ్ళీ ఆ పని పుట్టించినది. అది మన రేకా, పరాయి రేకా అన్న విచారం ఆ మాటకు లేదు.

ఇక్కడ ఒక చిన్న సంగతి. వియత్నాంలో తై నిన్ వైపు ట్రాంగ్ బాంగ్ అనే ఊరున్నది. అక్కడివారు రెండు పొరల రేకు చేసి, ఎండబెట్టి, సన్నని సెగ మీద కాల్చి, రాత్రివేళ మంచు కురిసేటప్పుడు ఆరుబయట పరుస్తారు. ఆ మంచు తేమకే రేకు మెత్తబడుతుంది. చుట్టేటప్పుడు దానిని నీటిలో ముంచనక్కరలేదు. ఇది చదివి వినిపిస్తే మామ్మ, “ఆళ్ళకి తెలుసు పదును” అన్నది.

మాలో ఒకరికి ఎర్రసిరా కలం అలవాటు ఇంకా పోలేదు. ‘సిరిగిపోద్ది’ని ‘చిరిగిపోతుంది’ అని దిద్దాలా అన్నది ఇంట్లో రెండు రోజులు చర్చకు వచ్చినది. దిద్దకూడదని నిర్ణయించుకున్నాము. పిల్లలకు ఒక నోటుపుస్తకం ఇచ్చి, ఎడమ పుటలో మామ్మ అన్నది అన్నట్లుగా, కుడి పుటలో వాచకంలో ఉన్నట్లుగా రాయమన్నాము. పరీక్షలో కుడి పుట, బల్ల దగ్గర ఎడమ పుట. ఇప్పటికి ఆ పుస్తకంలో ముప్పైకి పైగా మాటలు చేరినవి. తడపడం, పరచడం, పేర్చడం, ఒత్తడం వంటివి వాచకంలోనూ ఉన్నవే. ‘ఒడుపుగా తిప్పు’, ‘కొస లోనికి దోపు’, ‘కుదురుగా సుట్టు’ వంటివి మాకు ఆమె ఇచ్చినవి. ఒడుపు అంటే ఏమిటో పిల్లలకు మేము నిర్వచనం చెప్పలేదు. ఒకరి చుట్ట బిగువుగా వచ్చి మరొకరిది వదులుగా వచ్చినప్పుడు వాళ్ళకే తెలిసినది.

చెప్పవలసిన మరొక సంగతి ఉన్నది. గత రెండేళ్ళుగా మామ్మకు మరుపు పెరిగినది. పొద్దున భోంచేసినదీ లేనిదీ గుర్తుండదు. మనుమడిని తన తమ్ముడి పేరుతో పిలుస్తుంది. ఒక వాక్యం తెలుగులో మొదలుపెట్టి మలయ్‌లో ముగిస్తుంది. కూర్చోబెట్టి, “ఫలానాదాన్ని తెలుగులో ఏమంటారు?” అని అడిగితే ఏమీ చెప్పలేదు, విసుగుపడుతుంది. ఆమె చేతికి తడి రేకు ఇచ్చి, ఎదుట ఒక పిల్లను కూర్చోబెడితే మాటలు వాటంతట అవే వస్తున్నవి. దీనికి వైద్యులు ఏ వివరణ ఇస్తారో మాకు తెలియదు, మేము చూసినది ఇది. అందుకే నెలకు ఒకసారి అనుకున్నది ఇప్పుడు ప్రతి శనివారం అయినది. ఆమెకు తోచినంత కాలం ఈ పుస్తకం నిండుతుంది.

గుడి పెద్దలలో ఒకరు, మేము గౌరవించేవారే, మమ్మల్ని పక్కకు పిలిచి అడిగినారు. “మాష్టారూ, టీచరమ్మగారూ, పులిహోర నేర్పవచ్చును కదా? గుడి ఆవరణలో ఈ వియత్నాం తిండి ఎందుకు?” పులిహోర కూడా నేర్పుతున్నామని మనవి చేసినాము. పులిహోరకు కాగే నూనె కావాలి, పోపు చిటపటలాడుతుంది, ఏడేళ్ళ పిల్లను ఆ దగ్గరకు రానివ్వలేము. వాళ్ళు దూరంగా నిలబడి చూస్తారు, మేము వండుతాము, చివరకు తినడమే వాళ్ళ వంతు. చూసేవారికి క్రియాపదాలు రావు. రేకు దగ్గర నిప్పు లేదు, కత్తి పని ముందే మేము చేసి పెడతాము. ప్రతి పిల్లా తన చుట్ట తానే చుట్టి, వంకర అయినా తానే తింటుంది. నైవేద్యం సంగతి వేరు. అది అర్చకస్వామి మడివంటలో పులిహోర, చక్కెరపొంగలి యథావిధిగా జరుగుతున్నది. ఈ చుట్టలు మండపంలో బల్ల మీదివి మాత్రమే. ఆయన పూర్తిగా సమాధానపడినారని చెప్పలేము. మరుసటి వారం మనుమరాలిని పంపినారు.

గోయ్ కువోన్‌లో అసలు పెట్టేది ఉడికించిన రొయ్యలు, పంది మాంసం. రొయ్యను నిలువుగా రెండుగా చీల్చి, ఎర్రని వైపు రేకుకు ఆనించి పెడతారు, చుట్టిన తరువాత ఆ రంగు బయటకు కనిపించడం కోసం. అయితే వియత్నాంలో బౌద్ధులు చాంద్రమాసపు మొదటి రోజున, పదిహేనవ రోజున శాకాహారం పాటిస్తారు, ఆ రోజులకు తగిన శాకాహారపు చుట్టలు వారికే ఉన్నవి. మేము చేసేది ఆ రకమే. వేయించి సన్నగా కోసిన టోఫు, దోసకాయ, క్యారెట్, ఉడికించి చల్లార్చిన మీహూన్, లెట్యూస్ ఆకు. సెంగ్‌క్వాంగ్ దుంపను పచ్చిదే సన్నగా తరిగి వేస్తే కరకరలాడుతుంది. మన పొరుగు చైనీయులు పోపియాలో వేసేది ఆ దుంపనే. ఆ పోపియా పొర మాత్రం గోధుమపిండితో చేసినది.

ఆకుల దగ్గర పిసినారితనం పనికిరాదు. పుదీనా, కొత్తిమీర, ఆసియా తులసి, లక్సాలో వేసే దావున్ కెసుమ్. దావున్ కెసుమ్‌కు తెలుగు పేరు మామ్మకూ తెలియదు, నిఘంటువుకూ తెలియదు. మన ఊళ్ళలో లేని మొక్కకు పేరు ఎక్కడ నుండి వస్తుంది? నోటుపుస్తకంలో రెండు పుటలలోనూ ‘దావున్ కెసుమ్’ అనే రాసినాము.

రేకు మీద ముందు లెట్యూస్ ఆకు పరచాలి, తడి కూరలు రేకును నేరుగా తాకకుండా అది అడ్డుకుంటుంది. మనకు దగ్గరగా ఉన్న మూడవ వంతులో కూరలన్నీ పొడుగ్గా పేర్చాలి. దగ్గరి అంచును కూర మీదికి ఎత్తి, లోనికి బిగించి, ఒక చుట్టు చుట్టాలి. అప్పుడు కుడి ఎడమ అంచులను మడిచి, చివరి వరకు దొర్లించాలి. జిగురు అక్కరలేదు, రేకు తనకు తానే అతుక్కుంటుంది. చేసిన వాటిని పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పెట్టి, పిండిన తడిబట్ట కప్పాలి. తగిలితే అతుక్కొని, విడదీయబోతే చిరుగుతాయి.

ఇక అద్దుకునే పులుసు. వియత్నాం వారి ఇంట అన్నిటికీ మూలం చేపల రసం, ‘న్యూక్ మమ్’. ఫూ క్వోక్ ద్వీపంలో దానిని చిన్న చేపలను ఉప్పుతో కలిపి పెద్ద కర్ర తొట్లలో ఏడాది వరకు ఊరబెట్టి తీస్తారు. ఆ చిన్న చేపలు మన నెత్తళ్ళ జాతివే, ఈ దేశంలో ఇకాన్ బిలిస్ అనే వాటికి దగ్గరి చుట్టాలు. ఇంట్లో చేపలు తినేవారు ఒక వంతు చేపల రసం, ఒక వంతు పంచదార, ఒక వంతు నిమ్మరసం, నాలుగైదు వంతుల నీరు కలిపి, వెల్లుల్లి, మిరప సన్నగా తరిగి వేసుకోవచ్చు. గుడి మండపంలో మేము చేసేది వేరు. రెండు చెంచాల సోయా సాస్, రెండు చెంచాల నిమ్మరసం, రెండు చెంచాల కొబ్బరి బెల్లం, ఎనిమిది చెంచాల గోరువెచ్చని నీరు, తురిమిన అల్లం, తరిగిన పచ్చిమిరప. నిమ్మకు బదులు లిమావ్ కస్తూరి పిండితే వాసన బాగుంటుంది.

మరొకటి వేరుశనగ పులుసు. ఈ చుట్టలకు వియత్నాం వారు ఎక్కువగా వాడేది అదే. వారు తియ్యని సోయా ముద్దలో వేరుశనగ కలుపుతారు. మేము వేయించిన వేరుశనగపప్పు అరకప్పు, కొద్దిగా చింతపండు, బెల్లం, ఎండుమిరప, ఉప్పు వేసి రుబ్బి, చెంచా నుండి జారేటట్లు నీటితో పలుచన చేస్తాము. నిజం చెప్పాలంటే అది పలుచని పల్లీ పచ్చడే. వియత్నాం వారు ఎవరైనా మా బల్ల దగ్గరకు వస్తే నవ్వుకుంటారేమో.

దీనిని ఏమనాలి అన్నది మరొక చర్చ. అన్నంలో కలపకుండా, ముద్దతో పాటు ఆవకాయను కొద్దికొద్దిగా తాకించుకొని తినడాన్ని మామ్మ ‘నంజుకోడం’ అంటుంది. డిప్పింగ్ సాస్‌కు ఇంత చక్కని మాట మనకే ఉన్నదని సంతోషించి ‘నంజుడు’ అని పెడదామని నిఘంటువు చూసినాము. నంజుడు అంటే మాంసం అని ఉన్నది. శాకాహారపు బల్ల మీద ఆ పేరు పెట్టలేము కదా. ‘నంజు పులుసు’ అని సరిపెట్టుకున్నాము.

చుట్టలకు పేరు పెట్టినప్పుడు ఇంతకంటే ఎక్కువ గొడవ జరిగినది. పిల్లలు సూటిగా ‘చుట్ట’ అన్నారు. మామ్మ పడిపడి నవ్వినది. చుట్ట అంటే పొగాకు చుట్ట. తోట లైన్లలో ఆమె అత్తలు, పెద్దమ్మలు సాయంత్రం అరుగుల మీద కూర్చొని చుట్ట కాల్చేవారట, అదీ నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకొని. ఉత్తరాంధ్ర పల్లెల స్త్రీలలో ఆ అడ్డచుట్ట అలవాటు ఉండేదని మేమూ చదివినాము. అది నోటికి ఎంత ప్రమాదమో పిల్లలకు అక్కడే చెప్పవలసి వచ్చినది. మేము మర్యాదగా ‘తడిరేకులు’ అని పేరు ప్రతిపాదించినాము. పలక మీద ఆ పేరే ఉన్నది. పిల్లలు మాత్రం మామ్మను నవ్వించడానికి, “మామ్మా, ఇంకో చుట్ట కావాలా?” అని అడుగుతూనే ఉన్నారు.

దసరా రోజులలో గోదావరి జిల్లా నుండి ఉద్యోగం మీద వచ్చిన ఒక కుటుంబం గుడికి పూతరేకుల పెట్టె తెచ్చినది. మాలో చాలామంది మొదటిసారి చూసినాము. కోనసీమలోని ఆత్రేయపురం వాటికి పేరు పొందిన ఊరు, 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా లభించినది. అక్కడ బోర్లించిన మట్టికుండను కింది నుండి కొబ్బరాకుల మంటతో వేడి చేసి, పలుచని బియ్యపు పిండిలో తడిపిన బట్టను దాని మీద పరచి లాగుతారు. చూస్తుండగానే ఉల్లిపొర వంటి రేకు లేస్తుంది. నెయ్యి, బెల్లం పొడి చల్లి మడుస్తారు. మడిచే ముందు ఏం చేస్తారని పిల్లలు ఆ ఇల్లాలిని అడిగినారు. “తడిబట్టతో కొంచెం అద్దుతామమ్మా, లేకపోతే పెళుసుగా ఉండి ముక్కలైపోతుంది” అన్నది ఆమె. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “పదును” అన్నారు ఇద్దరు ముగ్గురు ఒక్కసారే. ఆమె, “అవును, పదును! మీకు ఆ మాట ఎవరు నేర్పారు?” అని అడిగినది. మామ్మ కుర్చీలో నిద్రపోతున్నది.

ఇంట్లో చేసుకునేవారికి రెండు జాగ్రత్తలు. ఈ చుట్టలు చేసిన పూటనే తినాలి. ఫ్రిజ్‌లో పెడితే రేకు మళ్ళీ గట్టిపడి పగుళ్ళు వేస్తుంది. వయస్సు మళ్ళినవారికి, చిన్నపిల్లలకు చుట్టను పూర్తిగా ఇవ్వకండి. తడి రేకు సాగుతుంది, సరిగా నమలలేనివారి గొంతుకు అడ్డుపడవచ్చు. కత్తిని నీటిలో ముంచి, వేలెడు మందం కంటే తక్కువ ముక్కలుగా కోసి, పక్కన కూర్చొని ఒక్కొక్కటే తినిపించండి. మామ్మకు మేము అలాగే పెడతాము. ఆమెకు నంజు పులుసులో కారం చాలదు, ప్రతిసారీ అదే ఫిర్యాదు.

విరిగిన రేకులను పారవేయకండి. పొట్లం అడుగున ఎప్పుడూ కొన్ని ముక్కలుంటాయి. వాటిని తడపకుండానే బాగా కాగిన నూనెలో వేస్తే క్షణంలో తెల్లగా పొంగి పైకి తేలతాయి, వెంటనే తీసివేయాలి. ఆ పని పెద్దలది. మొన్న శనివారం మామ్మ ఆ ముక్కలన్నీ ఒడిలో ఏరి దాచుకొని ఇంటికి తెచ్చినది. ఆ రాత్రి చారన్నంలోకి అవే వడియాలు.